గొర్రెతల ముందు రాయబారి

పోయిన వారం మిమ్మల్ని కంబర్ అన్నయ్య ఇంటి ముందు దుమ్ములో నిలబెట్టేసి వెళ్ళాను. నల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి విదేశాంగశాఖ ఉపమంత్రి సగిందిక్ ఒరజోవిచ్ దిగాడు. పిలవని పేరంటానికి వచ్చినవాడు ముందు క్షేమసమాచారాలైనా అడుగుతాడు కదా, అదీ లేదు. మా ఆయన భుజం మీద చెయ్యేసి, "ఎస్కెందిర్, మీ నాన్నగారి సంగతి ఒకటి చెప్పాలని ఆల్మాటీ నుంచి పనిగట్టుకుని వచ్చాను" అన్నాడు.

మా మామగారి గురించి కొత్తగా చెప్పడానికి ఏముంటుంది? ఆయన పోయి అరవై ఏళ్ళు దాటింది. సమాధి ఆ ఇంటి వెనక గుట్ట మీదే ఉంది. పొద్దున రాగానే మేమిద్దరం వెళ్ళి దణ్ణం పెట్టుకుని కూడా వచ్చాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా ఆయనది ఖాన్‌ల వంశం. మా కజక్కుల్లో ఆ వంశం వాళ్ళను తెల్ల ఎముక వాళ్ళంటారు. మిగిలిన మేమంతా నల్ల ఎముక. కోసి చూసినవాడెవడూ లేడు గానీ పేరు మాత్రం అలా నిలిచిపోయింది. ఆ తెల్ల ఎముకను దాచుకోవడంలోనే మా ఆయన జీవితం తెల్లారిపోయింది. తండ్రి సెయిత్‌ఖాన్ సుల్తాన్‌ను ముప్పై రెండో సంవత్సరంలో, కరువు రోజుల్లో, చైనాలోకి పారిపోతుంటే, ఖాన్‌ల వంశం వాళ్ళను వేటాడే సోవియట్ సైనికులు సరిహద్దు దగ్గర కాల్చేశారు. పాలు తాగే పిల్లాణ్ని మా అత్తగారు తన అన్న జునిస్ కొడుకుగా రాయించింది. జునిస్ గొర్రెలు కాసుకునేవాడు. అలా ఖాన్ మునిమనవడు గొర్రెలకాపరి కొడుకైపోయి, ఎస్కెందిర్ జునిసోవ్ అన్న పేరుతో మాస్కోలో చదివి, సోవియట్ విదేశాంగశాఖలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. కాబూల్‌లో చేశాడు, డమాస్కస్‌లో చేశాడు, అంకారాలో చేశాడు. ఎక్కడా రాయబారి కాలేదు. రాయబారి వెనక కుర్చీలో కూర్చుని, ఆయన చెప్పాల్సిన మాటలు చెవిలో వేసేవాడు. ఆ వెనక కుర్చీ కూడా ఊడిపోతుందేమోనని ఇంట్లో సైతం తండ్రి పేరెత్తేవాడు కాదు. నేను పెళ్ళాడింది ఎవరినో పెళ్ళయిన ఏడో ఏటికి గానీ నాకు తెలియలేదు. ఆ రోజు ఇంట్లో ఎన్ని కప్పులు పగిలాయో మీరు మరిచిపోయి ఉండరు.

ఇప్పుడు సోవియట్ దేశం పోయింది. మా దేశం మాకు వచ్చింది. అంకారాకు రాయబారిగా మా ఆయన పేరు ఖాయమైంది. అంతా బాగానే ఉండేది, ఆయన ఒక్క పేచీ పెట్టకపోతే. "నా దేశం తరఫున వెళ్ళేటప్పుడు నా తండ్రి పేరుతోనే వెళ్తాను. అద్దెపేరుతో వెళ్ళను" అన్నాడు. శాఖలో పెద్దలకు అది మింగుడుపడలేదు. ఖాన్ వారసుణ్ని పంపితే ఎవరేమనుకుంటారో అని ఒకరు, ఇతన్ని చూసి ఇంకెంతమంది తెల్ల ఎముకలు లేచి వస్తారో అని ఒకరు. అది తేలకముందే కంబర్ అన్నయ్య వీడ్కోలు విందుకి పిలిచాడు. కంబర్ అంటే ఆ జునిస్ కన్నకొడుకు. కాగితాల మీద మా ఆయనా, అతనూ అన్నదమ్ములు. ఇంట్లో మాత్రం బావా బామ్మర్దులు. ఎదురుపడితే చాలు, ఒకరినొకరు ఆటపట్టించుకోకుండా ఉండలేరు.

ఇక అసలు సంగతికి వస్తాను.

పెరట్లో పెద్ద కళాయిలో మాంసం ఉడుకుతోంది. పక్కన చిన్న గిన్నెలో గొర్రెతల విడిగా ఉడుకుతోంది. కంబర్ అన్నయ్య గరిటె పట్టుకుని ఆ రెండింటి మధ్యా తిరుగుతూ, ఉపమంత్రిని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రండి రండి, సగిందిక్ ఒరజోవిచ్. మంచి వేళకి వచ్చారు. అయితే ముందే చెప్తున్నా, తల మాత్రం మా బావకే. మీ నాన్నగారు నిక్షేపంలా ఉన్నారు కదా?"

"ఉన్నారు" అన్నాడు ఉపమంత్రి, అదేదో తన తప్పయినట్టు.

మాలో విందుకి వచ్చిన పెద్ద అతిథి ముందు గొర్రెతల పెట్టి కోయమంటారు, అదే గౌరవం. కానీ తండ్రి బతికున్నవాడు తల కోయడు. తండ్రి ఉండగా కోస్తే ఆయన్ని చేజేతులా సాగనంపినట్టే. సగిందిక్ తండ్రి కిజిల్‌ఓర్దా వైపు ఒంటెలు మేపుకుంటూ గుండ్రాయిలా ఉన్నాడు. అందుకని కొడుకు ఎంత పెద్ద కుర్చీ ఎక్కినా తల పళ్ళెం అతని ముందుకు రాదు. పక్కనున్న మామూలు మాస్టారి ముందుకు పోతుంది. ప్రతి విందులోనూ ఆ మంట అతని మొహంలో కనిపిస్తూనే ఉంటుంది.

కంబర్ అన్నయ్యా కోయడు. అతనిది ఇంకో కథ. తండ్రి జునిస్ కరువు ఏట కరగండ బొగ్గు గనుల్లో పనికని వెళ్ళి మళ్ళీ రాలేదు. చచ్చాడని కబురు తెచ్చినవాడు లేడు. కనక బతికున్నట్టే లెక్క. అరవై దాటిన మనిషి, మనవలున్న మనిషి, ఎవరింటికి వెళ్ళినా తల పళ్ళెం ముందుకు వస్తే మెల్లగా పక్కకు జరిపేస్తాడు. ఊళ్ళోవాళ్ళు, "ఏం కంబర్, మీ నాన్న ఇంకా బొగ్గు తవ్వుతూనే ఉన్నాడా?" అని ఏడిపిస్తారు. "ఆ, బాగా లోతుకు వెళ్ళాడు. పైకి రావడానికి టైం పడుతుంది" అని నవ్వేస్తాడు. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

ఉపమంత్రి మా ఆయన్ని గుర్రాలు కట్టే కొయ్య దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"రౌషన్, నువ్వెళ్ళి టీ సంగతి చూడమ్మా" అన్నాడు.

"టీ సంగతి చూసుకోడానికి లోపల నలుగురున్నారు. నేను ఈయన సంగతి చూసుకుంటాను."

సగిందిక్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఆకాశం వైపు చూశాడు. మా ఇంట్లో ఈ విషయంలో ఎవరి మాట చెల్లుతుందో అతనికి అర్థమైంది.

"సరే. సూటిగా చెప్పేస్తాను. మీ నాన్నగారు బతికే ఉన్నారు."

నాకు నవ్వు వచ్చింది. "ఆ గుట్ట మీద ఉన్నది మరి మీ నాన్నగారా?" అన్నాను.

"గుట్ట మీద ఎవరున్నారో నాకు తెలీదు. ఇస్తాంబుల్‌లో తోలుకోట్లు కుట్టుకునే మనవాళ్ళ పేట ఒకటుంది కదా. అక్కడున్నాడు సెయిత్‌ఖాన్ సుల్తాన్. ఎనభై దాటాయి. చైనాలో కొన్నాళ్ళు, కశ్మీర్‌లో కొన్నాళ్ళు తలదాచుకుని, చివరికి అక్కడ తేలాడు. పోయిన నెల మనవాళ్ళు వెళ్ళినప్పుడు ఈ ఊరి పేరు చెప్పి అడిగాడట. బిబిజమాల్ అనే ఆవిడ బతికి ఉందా అని అడిగాడు. మా వాడి ఊయలకి నేను కట్టిన తోడేలు గోరు ఇంకా ఉందా అని అడిగాడు."

మా ఆయన నీళ్ళతొట్టి అంచు మీద కూర్చుండిపోయాడు.

బిబిజమాల్ అంటే కంబర్ అన్నయ్య తల్లి. నాకు పెద్దమ్మ వరస. ఇంకో రెండేళ్ళకు తొంభై. ఆ ఊయల ఈ ఇంట్లోనే ఉంది. నా పిల్లలిద్దరూ అందులోనే ఊగారు. అడ్డకర్రకు అరిగిపోయిన తోడేలు గోరు ఒకటి నల్లదారంతో కట్టి ఉంటుంది. ఎవరు కట్టారని నేనెప్పుడూ అడగలేదు. ప్రతి ఇంట్లోనూ ఉండేదే కదా అనుకున్నాను.

"ఆయన... ఎలా ఉన్నాడట?" అన్నాడు మా ఆయన.

"బాగానే ఉన్నాడు. చూపు కాస్త తగ్గింది. అది వదిలెయ్. నా మాట విను, ఎస్కెందిర్. తండ్రి ఆ దేశపు పౌరుడైతే కొడుకు ఆ దేశానికి రాయబారిగా వెళ్ళడానికి లేదు. రూలు నీకు తెలుసు. ఆ రూలు రాసినప్పుడు నువ్వూ ఉన్నావు."

"తెలుసు."

"కాగితాల మీద నువ్వు జునిస్ కొడుకువి. గొర్రెలకాపరి కొడుకువి. అలాగే ఉండు. అద్దెపేరూ, సొంతపేరూ అనే పేచీ మానెయ్. వెళ్ళు, మూడేళ్ళు దర్జాగా రాయబారిగా ఉండు. ఆ పేట వైపు మాత్రం వెళ్ళకు. ఆయనకి కబురు పెట్టకు. ఇది నాకూ, అక్కడ మాట్లాడి వచ్చిన ఒకడికీ తప్ప ఇంకెవరికీ తెలీదు. నేను నోరు విప్పను."

"విప్పకుండా ఉన్నందుకు ఈయన మీకేం చెయ్యాలి?" అన్నాను.

"అబ్బే, ఏమీ అక్కర్లేదమ్మా. ఎప్పుడైనా నేనొక మాట అడిగితే కాదనకుండా ఉంటే చాలు."

అదీ సంగతి. మెడకు పలుపు కట్టి, అది పూలదండ అనుకోమంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై ఏళ్ళకు తండ్రి దొరికాడని చెప్పి, ఆ నోటితోనే, దొరకనట్టు ఉండు అని చెప్పడానికి ఒక మనిషికి ఎంత ధైర్యం ఉండాలి!

"ఆలోచించుకుని చెప్తాను" అన్నాడు మా ఆయన.

"ఆలోచన దేనికి? ఇంకాసేపట్లో తల నీ ముందు పెడతారు. కోశావంటే ఒప్పుకున్నావనుకుంటాను. నోటితో చెప్పక్కర్లేదు." సగిందిక్ కోటు దులుపుకున్నాడు. "కోయలేదంటే, అదీ ఒక జవాబే. మనమంతా కజక్కులమే కదా."

అతను లోపలికి వెళ్ళాడు. నేను మా ఆయన పక్కన తొట్టి అంచు మీద కూర్చున్నాను. ఈ ఉద్యోగం ఆయనకు ఎంత కావాలో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ముప్పై ఏళ్ళు పక్కవాడి చెవిలో చెప్పిన మాటలు ఒక్కసారి సొంత గొంతుతో చెప్పాలని ఉంది ఆయనకు. ఒక్క మూడేళ్ళు ముందు కుర్చీలో కూర్చోవాలని ఉంది.

"ఏం చేద్దాం, రౌషన్?"

"నన్నడగకండి. నా తండ్రి ఎప్పుడో పోయాడు. నేను నల్ల ఎముకదాన్ని, నాకు మీ గొడవలు లేవు."

అలా అన్నాను గానీ చెయ్యి మాత్రం వదల్లేదు.

విందు మొదలైంది. పెద్దగదిలో పరుపుల మీద అందరూ వరసగా కూర్చున్నారు. ద్వారానికి ఎదురుగా, గౌరవస్థానంలో మా ఆయన. కుడిపక్క సగిందిక్. ఎడమపక్క తెల్ల తలగుడ్డతో బిబిజమాల్ పెద్దమ్మ. మిగిలినవాళ్ళంతా ఊళ్ళో పెద్దమనుషులు. కంబర్ అన్నయ్య తల పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని వచ్చి, మూతి మా ఆయన వైపు ఉండేలా పెట్టి, కత్తి పిడిని ఆయన చేతివైపు తిప్పాడు.

"కానివ్వు బావా. అంకారాలో నీకు తలలు పెట్టేవాళ్ళు ఉండరు. ఇక్కడే కడుపునిండా కోసుకో."

అందరూ నవ్వారు. మా ఆయన కత్తి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఏ విందులోనూ కొడుకుని తల కోయనివ్వలేదు. నలభై ఏళ్ళు దాటిన కొడుకు ముందు పళ్ళెం పెట్టగానే వంటింట్లోంచి కేకేసేది. "వాడికి కడుపులో బాలేదు, ఆ మాస్టారికి పెట్టండి" అనేది. ఇంకోసారి, "వాడు చిన్నవాడు, పెద్దాయనకివ్వండి" అనేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. నా మొగుడికి గౌరవం దక్కుతుంటే ఈవిడకి కుళ్ళేమిటి అనుకునేదాన్ని. ఆవిడ పోయిన తర్వాతే మా ఆయన మొదటిసారి కత్తి పట్టాడు. ఆ రోజు నేనెంత మురిసిపోయానో!

ఆవిడకు తెలుసు. గుట్ట మీద ఉన్నది తన మొగుడు కాదని ఆవిడకు తెలుసు. అవతలివాడు ఉన్నాడో పోయాడో తెలియక, కొడుకు చేత్తో ఆ తప్పు జరగకుండా అన్నేళ్ళు కాపలా కాసింది. ఆయనకు ఎలా చెప్పను? ఇంతమంది మగవాళ్ళ మధ్య, గుమ్మం దగ్గర టీ పోసే చోట కూర్చున్నాను.

"అత్తగారు మీకు ఎన్నడైనా తల కోయనిచ్చిందా?" అని గట్టిగా అడిగేశాను.

ఆడది అలా మధ్యలో మాట్లాడకూడదు. పోనీండి. ముప్పై ఏళ్ళు విందుల్లో నోరు మూసుకుని కూర్చున్నాను, అది చాలు.

మా ఆయన నా వైపు చూశాడు. ఎన్నో విందులు ఆయన కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. కత్తిని పళ్ళెం పక్కన పెట్టేశాడు. పళ్ళేన్ని మెల్లగా ముందుకు తోశాడు.

"ఈ తల నేను కోయకూడదు" అన్నాడు. "మా నాన్న బతికే ఉన్నాడు."

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఎక్కడున్నాడు అని ఒకరు, ఎవరు చూశారు అని ఒకరు. కంబర్ అన్నయ్య చేతిలో టీ ఒలికిపోయింది. సగిందిక్ మాత్రం కదలకుండా కూర్చుని, "బాగా ఆలోచించుకున్నావా, ఎస్కెందిర్?" అన్నాడు నెమ్మదిగా.

"అరవై ఏళ్ళ నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను." మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. "అందరూ వినండి. మా నాన్న ఇస్తాంబుల్‌లో ఉన్నాడు. నా గురించి అడుగుతున్నాడు. ఆయన చచ్చాడని నేనొప్పుకుంటే ఈ పెద్దమనిషి నాకు అంకారా ఇప్పిస్తాడట. నాకొద్దు. నేను జునిసోవ్‌ని కాదు. ఎన్నడూ కాను. భయపడి తగిలించుకున్న పేరు అది. పిరికివాడి పేరు. ఇవాళ ఈ గదిలో దాన్ని విప్పి పారేస్తున్నాను. నేను సెయిత్‌ఖాన్ సుల్తాన్ కొడుకు ఎస్కెందిర్‌ని. రాయబారిగా పంపితే ఆ పేరుతోనే వెళ్తాను. పంపకపోతే కొడుకుగా వెళ్తాను. వెళ్ళడం మాత్రం ఖాయం."

నా కళ్ళు తడిశాయి. ఇన్నేళ్ళకు నా మొగుడు వెనక కుర్చీలోంచి లేచాడు.

"ఎలా వెళ్తావు?" సగిందిక్ కూడా లేచాడు. ఇందాకటి మెత్తదనం పోయింది. "దౌత్య పాస్‌పోర్టు ప్రభుత్వానిది. ఇలా ఇవ్వు. ఇప్పుడే."

"అది నా సంచిలో ఉంది, సగిందిక్ ఒరజోవిచ్" అన్నాను నేను. సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "కావాలంటే వచ్చి లాక్కోండి. ఈ పెద్దలందరూ చూస్తారు, ఉపమంత్రిగారు పరాయి ఆడదాని సంచిలో చెయ్యి పెట్టడం."

ఎవరో కిసుక్కున నవ్వారు. సగిందిక్ మెడ దాకా ఎర్రబడ్డాడు గానీ అడుగు ముందుకు వెయ్యలేదు.

"కూర్చో, ఎస్కెందిర్."

బిబిజమాల్ పెద్దమ్మ గొంతు అది. ఇంతసేపూ ఆవిడ ఉందన్న సంగతే అందరం మరిచిపోయాం. మా ఆయన కూర్చున్నాడు. ఆవిడ సగిందిక్ వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఆయన బతికున్నది నిజమేనా? ఒట్టి పుకారా?"

"నిజమే అవ్వా. మా మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగి వచ్చాడు. ఆయన మీ గురించి కూడా అడిగాడట."

పెద్దమ్మ ఎదురుగా పరిచిన గుడ్డ మీదున్న రొట్టె ముక్క తీసుకుంది. పెదాలకు ఆనించి, నుదుటికి తాకించి, మళ్ళీ పెట్టేసింది.

"అయితే నా ఒట్టు తీరిపోయింది. నేనూ, ఎస్కెందిర్ వాళ్ళమ్మా రొట్టె మీద ఒట్టేసుకున్నాం. అవతలికి పోయినోడు ఉన్నాడో పోయాడో రూఢిగా తెలిసేదాకా నోరిప్పకూడదని. ఆవిడ ఒట్టుతోనే పోయింది." ఆవిడ మా ఆయన మొహంలోకి చూసింది. "పిరికివాడి పేరన్నావు కదా నాయనా. ఆ గుట్ట మీద నీ తండ్రి కాకపోతే మరెవరు పడుకున్నారని ఒక్కరైనా అడిగారా?"

ఆవిడ గుట్ట ఉన్న వైపు తిరిగింది.

"సైనికులు వెనక తరుముతా ఉన్నారు. మీ నాన్న గుర్రం కుంటింది. ఇంక దొరికిపోతాడు. అప్పుడు మీ మామ, నా పెనిమిటి, మీ నాన్న తోడేలుతోలు కోటు లాక్కుని తను తొడుక్కున్నాడు. టోపీ తను పెట్టుకున్నాడు. తన గుర్రాన్ని తిన్నగా వాళ్ళ కళ్ళ ముందే వాగులోకి దూకించాడు. వాళ్ళంతా ఆ కోటు వెంట పడ్డారు. మీ నాన్న ఇటు నది దాటి పోయాడు. సాయంత్రం శవాన్ని తెచ్చి మా ముందు పడేశారు. మొహం లేదు. కోటు ఉంది. ఇతను సుల్తానేనా అని అడిగారు. మీ అమ్మ జుట్టు విప్పుకుని మీద పడి ఏడ్చింది, తన మొగుడే అన్నట్టు. నేను పక్కన నిలబడ్డాను. నా జుట్టు విప్పుకోలేదు. విప్పుకుంటే వాళ్ళకి తెలిసిపోయేది. నా కడుపులో వీడున్నాడు."

ఆవిడ వేలు కంబర్ అన్నయ్య వైపు ఉంది.

"నీ తండ్రికి ప్రాణమిచ్చాడు. నీకు పేరిచ్చాడు. ఇచ్చినోడు పిరికివాడా, ఎస్కెందిర్?"

మా ఆయన తల దించుకున్నాడు. నాకు ఆయన్ని చూడ్డానికి కూడా ధైర్యం చాల్లేదు. కంబర్ అన్నయ్య గది మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు.

"అమ్మా, కరగండ అన్నావు."

"అన్నాను."

"బొగ్గు గనులన్నావు. వస్తాడన్నావు. ఎన్ని విందుల్లో తల పక్కకు జరిపాను... నువ్వు చూస్తూ కూర్చున్నావా?"

"చూస్తూ కూర్చున్నా బిడ్డా. ప్రతిసారీ." ఆవిడ రెండు చేతులూ చాచి, మా ఆయన ముందున్న పళ్ళేన్ని తనవైపు లాక్కుంది. దాన్ని గుండ్రంగా తిప్పింది, మూతి తన కొడుకు వైపు ఉండేలా. "రా. కూర్చో. ఇవాళ్టి నుంచి నువ్వు కోయొచ్చు. నీ తండ్రి గుట్ట మీదే ఉన్నాడు."

సొంత ఇంట్లో ఇంటాయన తల కోయడం మా వాడుకలో లేదు. ఆ గదిలో ఒక్కరూ ఆ మాట అనలేదు. కంబర్ అన్నయ్య వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కత్తి తీసుకున్నాడు. అరవై దాటిన ఆ చేతికి దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియలేదు.

గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటూ సగిందిక్ అన్నాడు. "నాకు చెడ్డవాణ్ని అనిపించుకోవడం అలవాటే, ఎస్కెందిర్. కానీ ఇప్పుడు చెప్పు. ఆ పేరు ఉంచుకుంటావా, పారేస్తావా? ఉంచుకుంటే ఈ గదిలో నేనేమీ వినలేదు. అంకారా నీదే. కారులో కూర్చుంటాను. ఎక్కువసేపు కూర్చోను."

అతను బయటికి వెళ్ళాడు. ఎలాంటి ఉచ్చులో పడ్డామో నాకు అప్పుడర్థమైంది. ఆ పేరు ఉంచుకుంటే తండ్రి మళ్ళీ చచ్చిపోయినట్టు, ఉపమంత్రి చేతికి పలుపు ఇచ్చినట్టు. పారేస్తే ఈ ఇంటి మనిషిని రెండోసారి పేరులేని గోతిలో పాతిపెట్టినట్టు. ఇందాక నా మొగుడు గర్జించినప్పుడు మురిసిపోయిన నేను, సంచిని గుండెకు అదుముకుని కూర్చున్నాను.

కంబర్ అన్నయ్య ఇంకా తలను కోయలేదు. కత్తి మొన తల మీద ఆనించి, మా ఆయన వైపు చూశాడు.

"నాకిది చేతకాదు బావా. నువ్వే నేర్పాలి. ముందు చెవి కోయాలా, దవడా?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "అది తర్వాత. ముందు ఒకటి చెప్పు. ఇందాక నువ్వు విప్పి పారేసింది మా నాన్న పేరు. దాన్ని నన్ను ఏరుకోమంటావా, లేక నువ్వే తీసుకుంటావా?"

బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఎటు అడుగేశాడో వచ్చే వారం చెప్తాను.